చట్రం పోతే బండి ఏది?



ఈ పుటలో ఇంతవరకు ఛందస్సు, వ్యాకరణం, శతకాలు, నా బడి ముచ్చట్లు తప్ప వేరొకటి వ్రాయలేదు. ఈసారి లారీ గురించి వ్రాయబోతున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు విభక్తులు, సంధులు చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు పంతులుకు లారీతో పనేమిటని మీలో కొందరు నవ్వుకొంటారు. నవ్వుకోండి. కాని చివరిదాకా చదివి, నేనిచ్చిన సలహా సరియైనదో కాదో చెప్పండి. ఆ సందేహం నాకే ఇంకా పూర్తిగా తీరలేదు.

సంగతి ఇది. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి ఇప్పుడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అబ్బాయి అంటున్నానే గాని అతనికి నలభై అయిదేళ్ళు. కూకట్‌పల్లిలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటాడు. వాళ్ళ నాన్నగారు లారీ క్లీనరుగా మొదలై, డ్రైవరై, చివరకు ఒక లారీకి యజమాని అయి, ఆ ఒక్క లారీ మీదనే ముగ్గురు బిడ్డలను చదివించిన మనిషి. ఇప్పుడాయనకు ఎనభై నాలుగేళ్ళు.

ఆ లారీ 1964 నాటి టాటా మెర్సిడెస్ బెంజి. మన ఊళ్ళలో బెంజి లారీ అనేవారు గదా, అదే. టెల్కో వారు 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజి కంపెనీతో ఒప్పందం చేసికొని జంషెడ్‌పూరులో తయారుచేసిన రకం. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. అటుపిమ్మట వచ్చిన బండ్ల మూతి మీద మూడు కొమ్మల నక్షత్రం పోయి, టాటా వారి గుర్తు వచ్చింది. ఈ లారీ మూతి మీద ఉన్నది నక్షత్రమే. పెద్దాయన దీనిని 1971లో సెకండ్ హ్యాండులో కొన్నారట. పూణే నుండి షోలాపూరు, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే జాతీయ రహదారి ఆ బండికి కొట్టిన పిండి. ఆ రోజుల్లో దానిని తొమ్మిదో నంబరు రహదారి అనేవారు, ఇప్పుడు అరవై అయిదు. వేసవిలో నూజివీడు మామిడి, మిగిలిన కాలమంతా బియ్యం, మిర్చి, ఏది దొరికితే అది.

చిత్రమేమంటే, ఆ బండి విశ్రమించినది కూడ ఆ రహదారి పక్కనే. మూసాపేట దగ్గర బంధువుల స్థలంలో వేపచెట్టు కింద ఇరవై ఏళ్ళకు పైగా నిలిచి ఉన్నది. దాని కళ్ళ ముందే రోడ్డు వెడల్పయింది, 2017లో మెట్రో రైలు తలపై నుండి నడవసాగింది. లారీ మాత్రం కదలలేదు. ఈ మధ్య ఆ స్థలంలో అపార్టుమెంట్లు కట్టడానికి నిశ్చయించారు. బండిని దసరాలోగా తీసివేయమన్నారు. పాత ఇనుము కొనే వ్యాపారి వచ్చి తూకం మాట్లాడిపోయాడు. పెద్దాయన ఏమీ అనలేదు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడోనాడు కొడుకుతో, "దాంట్లో ఒక్కసారి మన ఊరు పోయి వద్దామురా" అన్నారట. వారి ఊరు అవనిగడ్డ దగ్గర.

అంతటితో లారీని అమ్మే మాట ఆగిపోయింది. బాగుచేయించే మాట మొదలైంది.

బాలానగరు వైపున లారీ పనిలో నలభై ఏళ్ళు తల పండించుకొన్న ఒక ఉస్తాదును పట్టుకొన్నారు. ఆయన వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి దూరి, సుత్తితో అక్కడక్కడ తట్టి చప్పుడు విని, బయటికి వచ్చి చెప్పిన మాట ఇది: "ఇంజనుకు ప్రాణం పోయొచ్చు. క్యాబిను కొత్తగ కట్టొచ్చు. కొయ్య బాడీ మొత్తం పోయింది, గది పెద్ద పని కాదు. ఛాసీతోనే ఉంది పంచాయితీ."

ఇక్కడ ఒక మాట. షెడ్లలో ఛాసీ అనే దానికి మనకు చట్రం అనే చక్కని మాట ఉంది. తలుపు చట్రం, పటం చట్రం అని రోజూ వాడేదే. ఉస్తాదుకు చెబితే నవ్వి, "మీరు చట్రమను, నేను ఛాసీ అంట, విరిగితే ఇద్దరం కింద పడ్తం" అన్నాడు. కాబట్టి ఆ చర్చ అంతటితో ఆపాను.

లారీ చట్రం నిచ్చెన వంటిది. అటొకటి ఇటొకటి రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డంగా మరి కొన్ని. దూలం గట్టి కమ్మీ కాదు. మూడు వైపుల మూసి, ఒక వైపు తెరచి ఉన్న పెట్టె వలె వంచిన రేకు. అడ్డుదూలాలను రివిట్లతో బిగించారు గాని వెల్డింగుతో అతకలేదు. ఎందుకని అడిగాను. ఎగుడుదిగుడు దారిలో చట్రం కొద్దిగా మెలి తిరగాలట. పూర్తిగా బిగుసుకొని పోతే పగులుతుంది. దూలం పక్కగోడకు చిల్లు పెట్టవచ్చునట, కాని పైఅంచుకు, కిందిఅంచుకు పెట్టరాదట. బరువు పడినప్పుడు ఇరుసుల నడుమ పైఅంచు నొక్కుకొంటుంది, కిందిఅంచు సాగుతుంది. లాగుడంతా ఆ అంచుల మీదనే. ఇదంతా ఆయన ఒక కళాశాలకూ పోకుండా నేర్చుకొన్న విద్య. నేను కింద కూర్చొని శ్రద్ధగా విన్నాను.

ఈ చట్రానికి రెండు జబ్బులు. ఎడమ దూలం వెనుక కొస, కమాను కట్ట బ్రాకెట్టు దాటిన తరువాత రెండడుగుల మేర, తుప్పు పట్టి అప్పడమై పోయింది. అడ్డుదూలాల్లో రెండింటికి అదే గతి. ఇది మొదటిది. రెండవది కుడి దూలం మధ్యన ఉన్న ఒక అతుకు. దానికొక కథ ఉంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి నా వయసు వారికి చెప్పనక్కరలేదు. కొన్నాళ్ళకు పెద్దాయన విజయవాడలో బియ్యం, బట్టలు వేసికొని అటు బయలుదేరారు. సొంత ఊరు, సొంత మనుషులు. దారిలో తెగిన కల్వర్టు దగ్గర చక్రం దిగబడింది. బండి పైకి వచ్చింది గాని కుడి దూలం పగిలింది. కరెంటు లేదు, కాబట్టి వెల్డింగు లేదు. పక్క ఊరి కమ్మరి ఒకాయన ఎడ్లబండి చక్రానికి వేసే ఇనుప పట్టాను రెండు ముక్కలు చేసి, చేతి బర్మాతో చిల్లులు వేసి, కొలిమిలో కాల్చిన రివిట్లతో బిగించాడు. "బియ్యం చేరనియ్యి, డబ్బు సంగతి తరువాత చూద్దాం" అన్నాడట. బియ్యం చేరింది. డబ్బు ఇవ్వడానికి మరుసటి ఏడు పోతే ఆయన మనుమడి దగ్గరకు వలసపోయాడని చెప్పారు. ఆ అతుకు మీద ఆ లారీ తరువాత పాతికేళ్ళు నడిచింది.

ఉస్తాదు ఆ అతుకును చూసి చెప్పినది ఒకే మాట: "ఈ ఛాసీలో అన్నిటికంటె బలహీనమైన జాగ ఇదే సార్." కింది అంచుకు చిల్లులు పడ్డాయి గదా మరి. పట్టాకు, దూలానికి నడుమ నీళ్ళు చేరి, తుప్పు ఉబ్బి, రెండింటిని వేరు చేస్తున్నది కూడ.

ఇక దారులు మూడు. మొదటిది, పాత చట్రాన్ని పారవేసి, తుక్కుకు వచ్చిన మరొక లారీ చట్రం కొని, దానిపై ఈ ఇంజను, ఈ క్యాబిను ఎక్కించడం. ఖర్చు తక్కువ, బలం ఎక్కువ. రెండవది, ఉన్న చట్రాన్నే బాగుచేయడం. ఖర్చు ఎక్కువ, నమ్మకం తక్కువ. మూడవది, ఏమీ చేయకుండా రంగు వేసి బొమ్మ వలె నిలపడం. ఒక మధ్యవర్తి నాలుగవ దారి కూడ చెవిలో చెప్పాడు. పాత చట్రం మీద నంబరు కొట్టి ఉన్న ముక్కను కోసి, కొత్త చట్రానికి అతికితే కాగితాల్లో బండి అదే బండి అవుతుందట.

మా అబ్బాయికి నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున వచ్చి, "మాస్టారూ, చట్రం మారిస్తే అది నాన్న లారీయేనా?" అని అడిగాడు.

మొదట ఎదుటిపక్షం వాదాన్ని న్యాయంగా చెప్పాలి. ఆ అబ్బాయి భార్య అడిగిన ప్రశ్న చిన్నది కాదు. "ఇంజను రెండుసార్లు మార్చారు. క్యాబిను ఒకసారి మార్చారు. టైర్లు ఎన్ని మారాయో లెక్క లేదు. అన్నీ మారినా మామయ్యగారి లారీయే అయినప్పుడు, చట్రం ఒక్కటి మారితే కాకుండా ఎట్లా పోతుంది?" అన్నది. ఈ ప్రశ్న రెండువేల ఏళ్ళ నాటిది. మిళిందపన్హ అనే పాళీ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు యవనరాజు మిళిందుని ఇదే అడుగుతాడు. రాజా, నీవు రథమెక్కి వచ్చానన్నావు. నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలు రథమా? రథపంజరం రథమా? అన్నిటికీ కాదనే రాజు సమాధానం. అన్నీ కలిసినప్పుడు వ్యవహారానికి పెట్టుకొన్న పేరే రథమని చివరకు తేలుతుంది. గమనించారా, ఆ జాబితాలో రథపంజరం, అంటే చట్రం, కూడ ఉంది. నాగసేనుని తర్కానికి చట్రం కూడ పది భాగాలలో ఒక భాగమే. కోడలి వాదం నాగసేనుని వాదమే.

అయినా నేను నాగసేనుని పక్షం చేరలేదు. ఆయన ఆత్మ గురించి మాట్లాడుతున్నాడు, ఉపమానానికి రథం తెచ్చాడు. మనం నిజంగా బండి గురించే మాట్లాడుతున్నాము. బండిలో అన్ని భాగాలూ ఒకే రకం కావు. మొన్నమొన్నటి దాకా రహదారుల మీద మీరూ చూసే ఉంటారు. ఫ్యాక్టరీ నుండి వచ్చే కొత్త లారీలు క్యాబిను లేకుండా, బాడీ లేకుండా, ఒట్టి చట్రం మీద ఇంజను, చక్రాలు, ఒక చెక్క సీటు, దాని మీద తలకు తువ్వాలు చుట్టుకొన్న డ్రైవరు, వరుసగా పోయేవి. దుమ్ములో, ఎండలో వందల మైళ్ళు అట్లాగే నడిచి పోయేవి. బాడీ లేని చట్రం బండియే. చట్రం లేని బాడీ పెట్టె. ఇంజను మారితే బండి ఆగి మళ్ళీ నడుస్తుంది. చట్రం మారితే బండి మొత్తం విప్పి, వేరొకదాని మీద మళ్ళీ పేర్చాలి. విప్పకుండా మార్చగలిగినది భాగం. దేన్ని మార్చాలంటే మిగిలినవన్నీ విప్పాలో అది ఆధారం. నాకు తోచిన తేడా ఇది.

మన హైదరాబాదులోనే దీనికొక సాక్షి ఉన్నది. 1932 జూనులో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ఆరంభించారు. మన ఆర్టీసీకి అదే మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి, స్కాట్లండు నుండి వచ్చినది, దక్కన్ క్వీన్ అన్న పేరుతో ఆర్టీసీ వారు భద్రపరచుకొన్నారు. ఆ రోజుల్లో బస్సు అంటే లారీ వంటి చట్రం మీద కట్టిన కొయ్య గది. ఇంత పాత బండిని చూడబోయినవాడు సీటు గుడ్డ కొత్తదని గాని, రంగు కొత్తదని గాని అలగడు. కాని దాని కింద ఉన్నది ఏదో నిన్నటి లారీ చట్రమని చెబితే మాత్రం, మోసపోయానని అనుకొంటాడు. ఎందుకు అనుకొంటాడో తర్కంతో చెప్పలేకపోవచ్చు. కాని అనుకోవడం నిజం. పక్కనే సనత్‌నగర్‌లో 1942లో పుట్టిన ఆల్విన్ కర్మాగారం బస్సులకు బాడీలు కట్టింది. అక్కడ పనిచేసిన మా ఇరుగుపొరుగు వారెవరూ "మేము బస్సు చేశాము" అనేవారు కాదు, "బాడీ కట్టాము" అనేవారు. బస్సు చట్రంతోనే వచ్చేది. పనివాళ్ళ భాషలో తత్త్వశాస్త్రం ఇంత స్పష్టంగా ఉంటుంది.

చట్టం కూడ ఇంచుమించు ఇదే అంటుంది. బండికి గుర్తు దాని చట్రం మీద కొట్టిన అంకెలు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటితో పొసగకుండా పోయే మార్పు చేయరాదు. 2021లో కేంద్రం పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, చట్రానికి, బాడీకి, ఇంజనుకు పెద్ద మార్పులు జరగకుండా అసలు రూపంలో ఉన్నవాటినే వింటేజి వాహనాలంటారు. అదైనా సొంత వాడుకకు ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకే. సరకులు మోసిన మన లారీకి ఆ పంక్తిలో చోటు లేదు. బండిని తుక్కు చేసినప్పుడు అది చచ్చిందనడానికి రుజువు కూడ చట్రం మీది నంబరు ముక్కే.

అందుకే ఆ నాలుగవ దారి సంగతి మొదటే తేల్చాను. నంబరు ముక్కను కోసి వేరొక చట్రానికి అతకడం బాగుచేయడం కాదు, ఒకరి వేలిముద్రను మరొకరి చేతికి అతకడం. అది నేరం. నేరం కాకపోయినా తప్పే. తండ్రి జ్ఞాపకం కోసం మొదలుపెట్టిన పనిని దొంగ కాగితంతో ముగించరాదని గట్టిగా చెప్పాను. అబ్బాయి తల వంచుకొని విన్నాడు. ఆ మధ్యవర్తి మళ్ళీ రాలేదు.

ఇక నాకు తెలిసిన విద్యలోకి వస్తాను. పాత తాళపత్రం పరిష్కరించే పండితునికి ఇటువంటి ఇబ్బంది రోజూ వచ్చేదే. ఆకు కొస విరిగి ఉంటుంది, నడుమ చెదపురుగు తిని ఉంటుంది. అక్కడ రెండు పనులు చేయవచ్చు. పోయిన చోట చుక్కలు పెట్టి గ్రంథపాతమని వ్రాయవచ్చు. లేదా తానే ఒక పాదం అల్లి, కవిదేనన్నట్లు చొప్పించవచ్చు. మొదటిది పరిష్కరణ. రెండవది ప్రక్షిప్తం. రెండవది ఎంత అందంగా ఉన్నా ప్రక్షిప్తమే.

అట్లాగని పోయినదానిని పూరించనే రాదా? పూరించవచ్చు. మనకు అందుకు గొప్ప ఉదాహరణలే ఉన్నాయి. పోతన భాగవతంలో పంచమ స్కంధం గంగన వ్రాసినది. షష్ఠం సింగన వ్రాసినది. చివరి రెండు స్కంధాలు వెలిగందల నారయ వ్రాసినవి. వారు దాచలేదు. ఆయా స్కంధాల గద్యలో తమ పేర్లు చెప్పుకొన్నారు. అయినా మనం మొత్తాన్ని పోతన భాగవతమనే అంటాము. ఎందుకంటే పోతన వేసిన చట్రం అక్కడే ఉంది, అతుకు వేసినవారు ఇది అతుకని చెప్పి వేశారు. ఎఱ్ఱన నన్నయ ఆపిన చోట అరణ్యపర్వశేషాన్ని అందుకొని, నన్నయ ఫణితిలో మొదలుపెట్టి, దానిని రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. పని తనది, గౌరవం ముందువానిది. ఇంతకంటె మంచి మరమ్మతు నాకు తెలియదు. ఎవరైనా నన్నయ వ్రాసిన రెండున్నర పర్వాలను పక్కకు నెట్టి, మొత్తం కొత్తగా వ్రాసి, పైన నన్నయ పేరు మాత్రం అతికించి ఉంటే దానిని ఏమనేవాళ్ళము?

రాతి పనిలోనూ అంతే. హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణమండపాన్ని పునాది కుంగినందున విప్పి, మళ్ళీ కట్టి, 2024 మార్చిలో తెరిచారు. రెండు దశాబ్దాలకు దగ్గరగా పట్టింది. కొత్తగా కట్టడానికి అంత కాలం అక్కరలేదు. పాత రాయిని పాత చోటే పెట్టాలనుకొన్నందువల్లనే అంత కాలం. జీర్ణోద్ధరణ అనే మాటలోనే ఉన్నది, ఉద్ధరించవలసినది జీర్ణమైన దానినే గాని, దాని స్థానంలో వచ్చిన కొత్తదానిని కాదు.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే నా వాదం నున్నగా ఉండేది. కాని ఉస్తాదు ఊరుకోనివ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "పంతులు సార్, మీ పద్యం తప్పయితే ఎవ్వడూ చావడు. నా ఛాసీ తప్పయితే ఎదురుంగ వచ్చే స్కూటరు మీద పిల్లగాడు చస్తడు" అన్నాడు.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. జ్ఞాపకం మనది, రోడ్డు అందరిది. మన ఇంటి ప్రేమకు ఊరివాళ్ళను పణంగా పెట్టే హక్కు మనకు లేదు. సరిగ్గా ఇక్కడే నా సలహా మారింది. చట్రం ఉంచాలా మార్చాలా అన్నది రెండవ ప్రశ్న. ఈ బండి ఇక ఏం పని చేయాలి అన్నది మొదటి ప్రశ్న. మళ్ళీ బియ్యం మోయాలంటే చట్రం మార్చవలసిందే, అనుమతి తీసికొని, కాగితాలలో చెప్పి, అది వేరొక బండి అని ఒప్పుకొని. మోయనక్కర లేదంటే పాత చట్రమే ఉండాలి, కాని అప్పుడు దాని నుండి బరువును, వేగాన్ని అడగరాదు. పాతదనమూ కావాలి, కొత్త బలమూ కావాలి అనడమే అసలు తప్పు. చాలామంది చట్రం దగ్గర తప్పటడుగు వేసేది ఆ రెండూ ఒకేసారి కోరినందువల్లనే అని నా అభిప్రాయం.

ఇది చెప్పినప్పుడు నాకు సులభంగా లేదు. ఎందుకంటే పెద్దాయన కోరినది ప్రదర్శన కాదు, ప్రయాణం. పాత చట్రం ఉంచమని నేను చెబుతున్నానంటే, మీ నాన్న రోడ్డు మీద ఆ బండి నడపరని చెబుతున్నట్లే. కొత్త చట్రమైతే కాగితాలు సరిచేసికొని ఏదో ఒకనాటికి నడిపి ఉండేవారేమో. ఎనభై నాలుగేళ్ళ మనిషికి ఏదో ఒకనాడు అనేది ఎంత దూరమో మనకు తెలుసు. ఇనుము మిగల్చడానికి మనిషి కోరికను కోసివేస్తున్నానా అని ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

మరునాడు అందరం కలిసి పెద్దాయననే అడిగాము. చిత్రం, అంతవరకు ఆయనను ఎవరూ అడగలేదు. మేమందరం ఆయన లారీ గురించి ఆయన లేనప్పుడే వాదించుకొన్నాము. ఆయన కర్ర ఊతంతో బండి దగ్గరకు వచ్చి, కిందికి వంగలేక, కుర్చీ వేయించుకొని కూర్చొని, కుడి దూలం మీది అతుకును చేత్తో తడిమారు. "ఇంకో చట్రం వేస్తే బండి నడుస్తుంది మాస్టారూ. కాని అది ఆ బియ్యం చేర్చిన బండి కాదు గదా" అన్నారు. కాసేపాగి, "నడపలేనని నాకు తెలుసు. ఎక్కి కూర్చుంటే చాలు" అన్నారు. నా భాగవతం, నాగసేనుడు, సెక్షను 52 అంతా కలిసి చెప్పలేనిది ఆయన రెండు వాక్యాల్లో ముగించారు.

పని ఇట్లా సాగుతున్నది. మొదట చట్రం సరిగా ఉందో లేదో కొలిచారు. నాలుగు మూలల నుండి తూకపు గుండు వదలి నేల మీద గుర్తులు పెట్టి, కర్ణాలు కొలిచారు. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని లెక్కల మాస్టారు చెప్పినది నాకు అక్కరకు రావడం ఇదే మొదటిసారి. తేడా చాలా స్వల్పమని ఉస్తాదు సంతోషించాడు. రంగు ద్రావకం పూసి చూస్తే అతుకు చిల్లుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళు రెండు కనిపించాయి. పగులు కొసన చిన్న చిల్లు వేసి, అది ఇంకా పాకకుండా ఆపి, గాడి తీసి వెల్డింగు చేశారు. దూలం లోపల మరొక దూలపు ముక్కను ఆనించి బలమిచ్చారు. కమ్మరి వేసిన పట్టాను విప్పి, వెనుక తుప్పు గీకి, రంగు వేసి, మళ్ళీ అదే చోట బిగించారు. అది ఇప్పుడు బరువు మోయదు, ఉంటుంది. ఎడమ దూలం వెనుక కొసలో కుళ్ళిన మేరకు మాత్రమే కోసి, కొత్త రేకు వంచి, ఏటవాలు కోతతో అతికారు. ఒక అంగుళం కూడ ఎక్కువ కోయవద్దని అబ్బాయి పక్కనే నిలబడ్డాడు. రెండు అడ్డుదూలాలు కొత్తవి.

నేను కోరినది ఒక్కటే. కొత్తగా వేసిన ప్రతి ముక్క మీద వేసిన సంవత్సరం, పనివాని పేరు చెక్కమన్నాను. గంగన, సింగన, నారయలు చేసిన పని అదే గదా. ఉస్తాదు మొదట సిగ్గుపడ్డాడు. నలభై ఏళ్ళలో తన పేరు ఏ బండి మీదా వ్రాసుకోలేదట. తరువాత తానే ఉలితో ఉర్దూలో చెక్కుకొన్నాడు. కమ్మరి పట్టా మీద మాత్రం 1977 అని వేయించాము. ఆయన పేరు పెద్దాయనకు తెలియదు. అక్కడ చుక్కలు పెట్టాము. గ్రంథపాతం.

లారీకి రోడ్డు మీద నడిచే అర్హత లేదు గనుక, దానిని మరొక పెద్ద లారీ మీద ఎక్కించి ఊరికి తీసికొని పోవాలని నిశ్చయమైంది. లారీ మీద లారీ. పెద్దాయన ఆ మాట విని చాలాసేపు నవ్వారు. సొంత చేను గట్టు దాకా తీసికొని పోయి, దించి, అక్కడ ఇంజను తీయాలి. పొలంలో పాతిక గజాలు ముందుకు, పాతిక గజాలు వెనుకకు. అంతే ప్రయాణం.

దీనివల్ల నాకు తేలినది ఇది. పాతదానిని బాగుచేసేటప్పుడు ఆధారాన్ని ఉంచండి, పైవాటిని అవసరం మేరకు మార్చండి, మార్చినదానిని దాచకండి, ఉంచినదాని నుండి దాని శక్తికి మించి అడగకండి. ఆధారమే మిగలనప్పుడు కొత్తది చేసికొనండి, కాని పాత పేరు పెట్టకండి. లారీకైనా, గుడికైనా, గ్రంథానికైనా ఇదే చెబుతాను.

మీలో వేరుగా తలచేవారు ఉంటారని తెలుసు. ముఖ్యంగా, మనిషి కోరికకు ఇనుము అడ్డు రాకూడదని, చట్రం మార్చి ఆయనను ఆ రహదారి మీద ఒక్కసారి కూర్చోబెట్టి తీసికొనిపోవలసిందని అనేవారు ఉంటే, దయచేసి వ్రాయండి. ఆ మాట నా లోపలా ఒక మూల ఉన్నది. పెద్దాయన ఒప్పుకొన్నారు గనుక అది మాట్లాడడం లేదు, అంతే.

స్వస్తి.